పాఠం రుచి చూసే మనిషి

"మేడమ్, పుస్తకాల బాబాయి పోయాడంట" అని మొన్న మధ్యాహ్నం ఫోనులో చెప్పింది నా పాత స్టూడెంటు. పెదబయలు అమ్మాయి. ఒకప్పుడు అరకులో నా కంప్యూటర్ సెంటర్లో నేర్చుకుంది. ఇప్పుడు విశాఖలో ఫ్లెక్సీ బ్యానర్లు తయారుచేసే షాపు నడుపుతోంది. ఎప్పుడు, ఎలా అని అడగాలని కూడా తోచలేదు నాకు. ఫోను పెట్టేశాక పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. హాల్లోకి వెళ్తాను, ఎందుకొచ్చానో మరిచిపోయి మళ్ళీ వంటింట్లోకి వస్తాను. "ఇవాళ నీకు కాలు నిలవదేం?" అని మా ఆయన విసుక్కున్నాడు. నిలవదు మరి. ఆ మనిషిని తలుచుకుంటే ఎవరికి మాత్రం నిలుస్తుంది.

ఆయన కూర్చోగా నేను చూడలేదు. శుక్రవారం అరకు సంతలో, ఎండుచేపల వరసకీ పసుపుకొమ్ముల గుట్టలకీ మధ్య ఒక మడతబల్ల వేసేవాడు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఆ బల్ల మీద కథల పుస్తకాలు ఉండవు, దేవుడి పుస్తకాలు ఉండవు, పరీక్షల గైడ్లు ఉండవు. ఏదో ఒక పని నేర్పే పుస్తకాలే. సి లాంగ్వేజ్, వెబ్ పేజీలు చెయ్యడం, కంప్యూటర్లో బొమ్మలు గీయడం, ఫొటోలు దిద్దడం. వారం మధ్యలో కిరండూల్ పాసింజరెక్కి విశాఖలో దిగి, పాత పుస్తకాల దుకాణాలన్నీ కెలికి, గోనెసంచిలో నింపుకొచ్చేవాడు. కాలేజీ పిల్లలు, మేష్టార్లు, రైల్వే వాళ్ళు, కాఫీ ఆఫీసు గుమస్తాలు కొనుక్కునేవారు. కొనుక్కునేవారంటే, ఆయన కొననిస్తే.

బల్లకి వెనక నిలబడేవాణ్ణి అమ్మేవాడంటాం, ముందు నిలబడేవాణ్ణి కొనేవాడంటాం. ఈయన చుట్టూ తిరిగేవాడు. నెత్తిన తువ్వాలు, మోచేతుల దగ్గర చిరిగిన స్వెట్టరు, ఎప్పుడూ ఎక్కడికో రైలు తప్పిపోతున్నట్టు ఆ నడక. కాలుగాలిన పిల్లి అన్న మాట ఈయన్ని చూసే పుట్టి ఉంటుందని మా సెంటర్లో అనుకునేవాళ్ళం. పుస్తకం కోసం వచ్చినవాణ్ణి "ఏటి కావాలి?" అని అడగడు. "ఎక్కడ ఆగిపోనావు?" అని అడుగుతాడు.

ఒకసారి నేను పక్కనే ఉన్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రగుమస్తా ఒకడు వచ్చి, బల్ల మీద అన్నిటికన్నా లావుగా ఉన్న సి పుస్తకం చూపించి "అది ఇవ్వు" అన్నాడు.

"ఎక్కడ ఆగిపోనావు బాబూ?"

"ఇంకా మొదలెట్టలేదు."

"ఆగిపోకుండా పుస్తకమెందుకు? ఎల్లి మొదలెట్టు. ఎక్కడో దగ్గిర ఆగిపోతావు కదా, అప్పుడు రా."

వాడు నా మొహం చూశాడు, నేను ఆకాశం చూశాను. వాడు గొణుక్కుంటూ వెళ్ళిపోయాక నాకు ఒళ్ళు మండి, "పుస్తకం లేకుండా ఎలా మొదలెడతాడు బాబాయ్? నీ వ్యాపారం బంగారంగాను" అన్నాను. ఆయన బల్ల చుట్టూ మరో ప్రదక్షిణ చేశాడు. పై వారం మాత్రం సన్నటి పుస్తకం ఒకటి ఆ గుమస్తా కోసం విడిగా తీసిపెట్టి, వాడు వస్తాడేమోనని సాయంత్రం దాకా మెడ సాచి చూస్తూనే ఉన్నాడు. వాడు రాలేదు.

పుస్తకాలు ఎంచడంలో ఆయనకి రెండు పట్టింపులు. మొదటిది, ఏ పుస్తకమైనా వెనక నుంచి తెరిచేవాడు. చెప్పినట్టు చేసినా పని జరగకపోతే ఏం చెయ్యాలో ఆ రాసినవాడు ఎక్కడైనా చెప్పాడా అని వెతికేవాడు. తెలుగు పుస్తకంలో అది లేకపోతే దుకాణంలోనే వదిలేసి వచ్చేవాడు. తెలుగు గడగడా చదివేవాడు గాని ఇంగ్లీషు అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. అందుకే రైలు దిగగానే గోనెసంచితో తిన్నగా మా సెంటర్‌కి వచ్చేవాడు. "టీచరమ్మా, ఈడు తప్పు గురించి ఏటైనా సెప్పినాడేటో బేగి సూడు."

రెండోది ఇంకా విడ్డూరం. ఆ కొండల్లో కొత్త పంట ఏది వచ్చినా ఊరికే నోట పెట్టుకోరు. కొర్రలు కానీ, సామలు కానీ, చివరికి మామిడికాయలు కానీ, పండగ చేసి దేవతకీ పెద్దలకీ పెట్టి, ఇంటి పెద్ద నోట వేసుకున్నాకే తక్కినవాళ్ళు ముట్టాలి. దాన్నే కొత్త పండగంటారు. మామిడి పండగ కాకుండా చెట్టుకింద రాలిన పిందెనైనా పిల్లలు కొరకరు. ఈయన ఆ కట్టుబాటుని పుస్తకాలకి తగిలించాడు. సంచిలోంచి తీసిన ప్రతి పుస్తకంలోనూ ఒక పాఠం ఆయన కళ్ళెదుట జరగాలి. అది జరిగితేనే బల్ల ఎక్కుతుంది. "రుసి సూడందే ఎలా అమ్మేది?" అనేవాడు. ఆ రుచి చూసే వంట నా నెత్తిన పడింది.

నా సెంటర్ అంటే రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, వానకి ఉరిసే రేకులు. పార్వతీపురం నుంచి వచ్చి అక్కడ పడ్డాను. మూసేసి వెళ్ళిపోదామని రోజూ అనుకునేదాన్ని. కరెంటు ఉన్న కాసేపూ పిల్లలకి నేర్పాలా, ఈయన పుస్తకాలకి పూజ చెయ్యాలా? అయినా చేసేదాన్ని. ప్రోగ్రాము టైపు చేస్తుంటే నా కుర్చీ వెనక ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరిగేవాడు. నా తలప్రాణం తోకకొచ్చేది. తెరమీద తప్పు వచ్చిందంటే మాత్రం ఠక్కున ఆగేవాడు.

"తప్పొచ్చిందా? మంచిది. ఇప్పుడు పుస్తకమేటంటాదో సూడు."

పుస్తకం ఆ తప్పుకి దారి చూపిస్తే మొహం చేటంత అయ్యేది. ఒకసారి చక్కగా నడుస్తున్న ప్రోగ్రాము మధ్యలో కరెంటు పోయింది. చేసిందంతా గంగలో కలిసింది. ఆయన చీకట్లోనే అడిగాడు.

"కరెంటు పోతే ఏటి సెయ్యాలో ఇందులో ఉన్నాదా?"

"ఏ పుస్తకంలోనూ ఉండదు బాబాయ్."

"మనకి రోజూ వచ్చే తప్పు అదే కదా టీచరమ్మా. అదే సెప్పకపోతే ఎలగ?"

మంచి పుస్తకం, ఎవరో పెద్ద ప్రొఫెసరు రాసింది. దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ విశాఖలో తిరిగిచ్చేశాడు. గోడకి చెప్పినా ఒకటే, ఈయనకి చెప్పినా ఒకటే.

బొమ్మల పుస్తకం సంగతి ఇంకోటి. పైన ఫోను చేసిందన్నానే, ఆ పెదబయలు పిల్ల అప్పటికి ఇంటర్ తప్పి మా దగ్గర చేరింది. మౌసు పట్టుకుందంటే లోకం మరిచిపోయేది. కంప్యూటర్లో బొమ్మలు గీయడం మీద రంగురంగుల పుస్తకం ఒకటి ఆయన సంచిలో చూసి దాని మీద మనసు పారేసుకుంది. రుచి చూసే పని తనే చేస్తానంది. మొదటి పాఠం యాపిల్ పండు గీయడం. ఆయన ఒప్పుకోలేదు.

"యాపిలెందుకు గుంటా? మనకాడ ఏటున్నాదో అది గియ్యి. పనసకాయ గియ్యి."

పుస్తకం చెప్పినట్టే గుండ్రం గీసి, రంగు నింపి, ఒక పక్క వెలుగూ ఒక పక్క నీడా పెట్టింది. నున్నటి ఆకుపచ్చ బుడగ వచ్చింది. ముళ్ళెలా వెయ్యాలో ఆ పుస్తకంలో లేదు. ఆయన వెనకపేజీలన్నీ తిరగేసి పెదవి విరిచాడు. పుస్తకం సంచిలోకి వెళ్ళిపోతుంటే పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అది నాకిచ్చీ బాబాయ్. ముళ్ళు నేనే కనిపెట్టుకుంటాను."

ఆయన ఆగాడు. పుస్తకం చేతిలో పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. చివరికి ఆ పిల్ల ఒళ్ళో పడేసి, "నీకు ఆగిపోయిన సోటు తెలిసింది కదా, ఉంచు" అని బల్ల దగ్గరికి పరిగెత్తాడు. తన పట్టింపు తనే తప్పడం నేను చూసింది అదొక్కసారే.

ఇవన్నీ సరే. నాకు అంతుపట్టనిది ఒకటుండేది. ప్రతి సంచిలోనూ అడుగున ఒకటో రెండో వేరే రకం పుస్తకాలుండేవి. ఆసనాలు, ప్రాణాయామం, దిగులు పోగొట్టుకోవడం, నిద్ర పట్టించుకోవడం, మనశ్శాంతికి మార్గాలు. ఇంగ్లీషువైతే నా చేత వెనకపేజీలు చదివించుకునేవాడు. కానీ ఏళ్ళు గడిచినా అందులో ఒక్కటీ బల్ల మీదికి ఎక్కలేదు.

ఆ రోజుల్లో నాకే నిద్ర పట్టేది కాదు. వానాకాలం మొదలైతే లోయంతా మబ్బు దిగి, పగలేదో రాత్రేదో తెలియక, ఒంట్లో చీమలు పాకినట్టుండేది. సిగ్గు విడిచి అడిగాను. "ఆ నిద్ర పుస్తకాల్లో ఒకటి నాకియ్యి బాబాయ్."

"ఇంకా కొత్త తినలేదు టీచరమ్మా."

"ఎవరు తినాలి?"

"నేనే." అని వెళ్ళిపోయాడు.

తర్వాత ఒకరోజు సెంటర్ వెనక తలుపు తీస్తే, కాఫీ బస్తాల పక్కన ఈయన ముక్కు మూసుకుని, ఊపిరి బిగబట్టి, కళ్ళు తేలేసి నిలబడున్నాడు. నేను హడలిపోయాను. పుస్తకంలో ఊపిరి బిగబట్టి కదలకుండా కూర్చోమన్నారట, కూర్చోవడం తనవల్ల కాక నిలబడి చేస్తున్నాడట. ఇంకో వారం మొహం పీక్కుపోయి వచ్చాడు. ఉపవాసం పుస్తకం. మరో వారం మెడ పట్టేసి తల తిప్పలేక, మనిషంతా తిరిగి మాట్లాడాడు. శీర్షాసనం. నేను పడీపడీ నవ్వాను. ఈ మనిషికి చాదస్తం ముదిరిందనుకున్నాను.

ఆ ఏడు వానలు వెనకబట్టాక ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చాడు. అట్ట చినిగి, మొదటి పేజీలు లేవు. దిగులు జబ్బు గురించి. అలవాటుగా వెనక నుంచి తిప్పి చదివాను. ఆఖరి పాఠంలో ఆ రాసినావిడ సూటిగా రాసేసింది: పై పద్ధతులు కొన్ని వారాలు చేసినా మనిషిలో మార్పు లేకపోతే, ఈ పుస్తకం పక్కన పెట్టి ఆ మనిషిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. అది చేసేవాడి తప్పు కాదు, పుస్తకం వల్ల కాని పని.

తెలుగులో చెప్పాను. ఆయన నడక ఆగిపోయింది.

"మళ్ళా సెప్పు."

మళ్ళీ చెప్పాను.

"ఉన్నాది" అన్నాడు. "ఇన్నాళ్ళకి ఒకదాంట్లో ఉన్నాది. ఇంటికి పట్టుకెళ్తాను. రేపట్నించి మొదలెడతాను."

"ఎవరికి మొదలెడతావు?"

"నాకే. ముందు నేను సెయ్యాలి కదా."

"నీకేం జబ్బు బాబాయ్?"

అప్పుడు చెప్పాడు. అదీ తిరుగుతూనే, ప్రింటరు దగ్గర ఒక ముక్క, గుమ్మం దగ్గర ఒక ముక్క. జబ్బు ఇంటామెకి. నాలుగు పంటకోతలు, అంటే నాలుగేళ్ళు, వెళ్ళిపోయాయి, ఆమె ఇల్లు దాటి రావడం లేదు. పొయ్యి దగ్గర కూర్చుంటే అక్కడే. రాత్రిళ్ళు నిద్ర లేదు. అడిగినదానికి తలాడిస్తుంది, మాటన్నది లేదు. పిల్లలు లేరు, ఇంట్లో ఇద్దరే. ఊరి పూజారి దిసారిని పిలిచి పూజ చేయించాడు, కోళ్ళు కోశాడు. ఎవరో విశాఖలో ఇలాంటివాటికి పుస్తకాలొచ్చాయన్నారు. అప్పటినుంచే ఈ రైలెక్కడం, ఈ సంచి. కంప్యూటర్ పుస్తకాలు ఊరికే దారిఖర్చుకి.

నా నవ్వంతా నా మొహానే కొట్టినట్టయింది.

"ఇన్ని పుస్తకాలు తెచ్చావు కదా, ఆవిడ చేత ఒక్కటైనా చేయించావా?"

"ఒక్కటీ నా మీద పని సెయ్యలేదు. పని సెయ్యనిది దానికెలా పెడతాను? ఇసమైతే?"

"జబ్బు నీదా, ఆవిడదా?" నాకు కోపం ఆగలేదు. "నువ్వు ఊపిరి బిగబడితే ఆవిడకేం ఒరిగింది? నువ్వు పస్తుంటే ఆవిడకి ఆకలేసిందా? ఇది మామిడికాయ కాదు బాబాయ్, నువ్వు ముందు కొరికి చూడ్డానికి. ఆవిడని రైలెక్కించు. పుస్తకం కూడా అదే చెప్తోంది."

ఆయన పుస్తకం నా చేతిలోంచి లాక్కుని, సంచీ భుజాన వేసుకుని, బల్ల కూడా వెయ్యకుండా వెళ్ళిపోయాడు. తరవాతి శుక్రవారం ఎండుచేపల వరసకీ పసుపుకొమ్ములకీ మధ్య ఖాళీగా ఉంది. ఆ పై వారం కూడా. నాకు కుదురు లేదు. నా నోటి దురుసు వల్ల ఆయనకున్న ఒక్క దిక్కునీ పోగొట్టానేమోనని సంతకి నాలుగు సార్లు వెళ్ళొచ్చాను. చివరికి స్టేషన్లో టీ అమ్మే అతను చెప్పాడు, పుస్తకాల బాబాయి పెళ్ళాన్ని వెంటబెట్టుకుని విశాఖ రైలెక్కాడని, ఆమె రైలు కదిలేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చుందని.

ఆ తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. పెద్దాసుపత్రిలో డాక్టరు మందులు రాశాడు. ఆమె బాగుపడింది. ఒక్కపూటలో కాదు. మధ్యలో మందులు మానేశారు, మళ్ళీ దిగులు కమ్మింది, మళ్ళీ రైలెక్కారు. ఎన్ని నెలలు పట్టిందో నాకు గుర్తులేదు. ఆ పైన చాలా ఏళ్ళు ఇద్దరూ బతికారు. కానీ నాకు గుర్తుండిపోయింది మందులు తెచ్చిన మర్నాడు.

అది శుక్రవారం. పొద్దున్నే పిల్లలు ఇంకా రాలేదు. నేను తాళం తీస్తుంటే, మోకాళ్ళ దాకా బురదతో ఒకామె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. జుట్టు చెదిరి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, రొప్పుతోంది. ముక్కుకి మూడు ఉంగరాలు. ఎప్పుడూ చూసిన మొహం కాదు.

"టీచరమ్మవి నువ్వేనేటి?"

"నేనే. ఎవరమ్మా?"

"పుస్తకాలాయన ఇంటిదాన్ని. ఆడు నెగట్నేదు." నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. "పొద్దెక్కినాది, పిలిసినాను, కుదిపినాను, నెగట్నేదు. ఆడు ఎప్పుడూ అలగ పడుకోడు. బేగి రా."

నాలుగు కోతలుగా తనంతట తాను ఇల్లు కదలని మనిషి, కొండ దిగి, వాగు దాటి, సంత జనంలో నన్ను అడుగుతూ అడుగుతూ వచ్చిందని ఆ క్షణంలో నాకు తట్టనేలేదు. తట్టింది ఒక్కటే, ఆయనకేదో అయింది. సంత జీపొకటి పట్టుకున్నాను. దారిలో ఆసుపత్రి నర్సుని ఎక్కించుకున్నాను. జీపు ఆగిపోయిన చోటి నుంచి ఆమె ముందు పరిగెత్తింది, మేం వెనక. దారిపొడుగునా "బేగి, బేగి" అంటూనే ఉంది.

ఇంట్లో, పొయ్యి పక్కన, వెల్లకిలా పడున్నాడు. జన్మలో నేను పడుకోగా చూడని మనిషి. నర్సు వంగి నాడి చూసింది, కనురెప్పలు ఎత్తి చూసింది. తలవైపు పడున్న మందుల అట్ట తీసి చూసింది. అందులో ఒకే ఒక్క మాత్ర తగ్గింది.

"ఇది ఎవరు మింగారు?" అంది.

ఇంటామె తల అడ్డంగా ఊపింది. "ఇయాల్టి నించి నాకెయ్యమన్నారు. నానెయ్యలేదు."

నర్సు నిటారుగా లేచి, నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఏం లేదమ్మా. నిద్రపోతున్నాడు. నిద్ర మందు కలిసిన మాత్ర. ఎన్నాళ్ళుగా నిద్ర లేదో పాపం ఈయనకీ. కాసిని నీళ్ళు కొట్టండి."

చెంబెడు నీళ్ళు మొహాన పడ్డాక ఆయన ఒక కన్ను తెరిచాడు. నన్ను చూశాడు, నర్సుని చూశాడు. ఇంటామెని చూసి, మత్తు గొంతుతో, బ్రహ్మాండమైన పుస్తకం ఒకటి బల్ల మీదికి ఎక్కించేవాడి తృప్తితో అన్నాడు.

"రుసి సూసినాను. పని సేస్తాది. ఇంక నువ్వేసుకో."

ఆమె చెంబు కింద పెట్టింది. అట్ట నర్సు చేతిలోంచి అందుకుంది. ఆపైన మొదలెట్టింది.

"నాకిచ్చిన మందు నువ్వు మింగుతావేటి? తలకిందులుగా నిలబడింది నువ్వే. పస్తున్నది నువ్వే. ముక్కు మూసుకుని కళ్ళు తేలేసింది నువ్వే. పొయ్యికాడ కూసోని అన్నీ సూసినాను, ఈడికి నా కంటే పెద్ద జబ్బేదో వచ్చినాదని గుండె దడదడలాడిపోనాది, అడగడానికి నోరు పెగల్లేదు. నా జబ్బు కూడా నన్ను పడనివ్వవేటి? నువ్వు నెగకపోతే నానెవర్ని పిలవాల? సెప్పు."

చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. ఆమె తెరవనివ్వలేదు. విశాఖ రైళ్ళ గురించి, గోనెసంచుల గురించి, కోసిన కోళ్ళ గురించి, సగం ఒడియాలో సగం తెలుగులో ఎత్తుకుంది. మధ్యలో ఏడ్చింది, కళ్ళు తుడుచుకుని మళ్ళీ అందుకుంది. నర్సు నా వైపు చూసి వెళ్దామని సైగ చేసింది. నేను కదల్లేకపోయాను. నాలుగు కోతలుగా ఆ ఇంట్లో మాట్లాడింది ఆయనొక్కడే. ఆ పూట మధ్యాహ్నం దాకా ఆయనకి మాట్లాడే సందు దొరకలేదు.